సామి పెనం

చిత్తూరు,
6-12-1981.

అమ్మకు నీ కొడుకు సుందరరాజు నమస్కారాలు. ఇక్కడ నేను, పంకజం, పిల్లలు అందరం సుఖంగానే ఉన్నాం. మద్రాసులో నువ్వు, వకుళ, బావగారు బాగున్నారనీ, వకుళ కొడుకు ఇప్పుడు బోర్లా పడుతున్నాడనీ తెలిసి చాలా సంతోషించాం. నీకు చిన్న అక్షరాలు ఆనవు కాబట్టి ఈ ఉత్తరం వకుళే చదువుతుందని తెలుసు. హడావుడిలో రాస్తున్నాను, రాత వంకర పోతే సర్దుకుని చదవమను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నా నడుం నొప్పి తగ్గింది. నువ్వు చెప్పినట్టే పంకజం ఉసిరికాయ పచ్చడి పెట్టింది. ఉప్పు కాస్త ఎక్కువైంది, ఆ మాట నేనన్నానని మాత్రం తనకు రాయకు. కాణిపాకం సామికి ఈ ఏటి తొలి బెల్లం పంపావా అని అడిగావు. పంపడమేమిటి, నేనే ఐరాలకు వెళ్లి, మునిరామయ్య గానుగ దగ్గర దగ్గరుండి వండించి మోసుకెళ్లాను. అసలు కథంతా అక్కడే మొదలైంది.

మునిరామయ్య నీ హయాం నుంచీ మన మండీకే బెల్లం వేస్తున్న రైతు కదా. వాళ్ల పొయ్యి దగ్గర ఆ రోజు రెండు పెనాలు ఉడుకుతున్నాయి. పెద్దదాంట్లో రంగు తేలడానికి తెల్లమందు గరిటెతో వేశాడు, చూస్తుండగానే పాకం నలుపు పోయి పసుపు తిరిగింది. పక్కన ఉన్న చిన్నదాంట్లో ఏమీ వేయలేదు. ఎందుకని అడిగితే, "అది సామి పెనమప్పా. సామికి మందు ఎయ్యగూడదు గదా" అన్నాడు. సామికి తీసింది పోగా మిగిలిన బెల్లాన్ని వాళ్లావిడ నాగులమ్మ ఇంట్లోకి మోసుకుపోతోంది. "మా పిల్లోల్లు తినేది ఇదే" అందామె.

నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత మన వంటింటి డబ్బా గుర్తొచ్చింది. మనం తినేదీ ఏటేటా ఆ సామి బెల్లమే కదమ్మా. తెల్లబెల్లం సామికి పనికిరాదు, వండినవాడు తినడు, కొన్న మనమూ తినం. మరి దాన్ని ఎవరి పిల్లల నోట్లో పోస్తున్నాం? ఎందుకు వేస్తారప్పా ఆ మందు అని గట్టిగానే అడిగాను. "మీరే గదా తెల్లగుంటేనే రేటు అంటిరి. మేము తెల్లగ జేస్తిమి" అన్నాడు.

పొయ్యి పక్కన పాత లారీ టైర్లు కుప్పగా పోసి ఉన్నాయి. వానకు చెరుకు పిప్పి తడిసి మండకపోతే వాటినే తోస్తున్నారట. ఆ పొగకు ఊళ్లో ఆరేసిన గుడ్డలు మసిబారుతున్నాయి, పిల్లలు దగ్గుతున్నారు. టైర్లకు ముందు చింతచెట్లు కొట్టి తగలబెట్టారు, ఇప్పుడు కొట్టడానికి చెట్లు లేవు. చెరుకు తియ్యగా ఉందని వేళ్లతో సహా నమలకూడదంటారు. మనం చేస్తున్నది అదే. ఆ పొగలో ఊరు నలిగిపోతే రేపు చెరుకు నాటేదెవరు, మన మండీకి బండి తోలేదెవరు? వ్యాపారమంటే ఈ ఏడు ఎంత మిగిలిందన్నదే కాదని నాకు ఆ రోజు తలకెక్కింది.

ఆ వారమే రైతులను మండీకి పిలిచి చెప్పేశాను. మందు వేసిన బెల్లం మనం దించుకోం. నల్లబెల్లానికి తెల్లదాని రేటే ఇస్తాం. టైర్లు మానేవాళ్లకు పిప్పి తడవకుండా రేకుల కొట్టం మండీయే వేసిస్తుంది. బెల్లం వీధంతా పగలబడి నవ్వింది. మన సరుకులో సగానికి పైగా కొనే సేటు టీ కూడా ముట్టకుండా పక్క మండీకి వెళ్లిపోయాడు. నల్లబెల్లం అచ్చులు గోడ ఎత్తున పేరుకున్నాయి, అడిగే నాథుడు లేడు. ఈ సీజను గడవకపోతే నాయన పెట్టిన మండీకి తాళం వేయాల్సిందే. పంకజం మాత్రం, "అంతకొస్తే ఉసిరికాయ పచ్చడి అమ్ముకుందాం లెండి" అంది.

అప్పుడు పాలక్కాడు నుంచి లేహ్యాలు చేసే వైద్యరు ఒకాయన వచ్చాడు. నల్లబెల్లాన్ని నాలుక మీద పెట్టుకుని చాలాసేపు చప్పరించాడు. మందు లేదన్నది నిజమైతే ఉన్నదంతా కొంటానన్నాడు. నిజమని ఎవరు పూచీ అని అరవంలో అడిగాడు. బెల్లం దించడానికొచ్చిన మునిరామయ్య వెంటనే, "కాణిపాకంలో ప్రమాణం సేసి సెప్తాము. ఆడ అబద్దం ఆడినోడు యాడన్నా బాగుపడినాడా?" అన్నాడు. పూచీ కోసం నేను బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను, అది మన పక్కూళ్లోనే ఉంది చూడు.

ఇక ఇంతసేపూ దాచిన మాట చెప్పాలి. వకుళా, ఇక్కడ ఏమీ మింగేయకుండా చదువు. రైతులు మొదట నా మాటకు ఒప్పుకోలేదమ్మా. ఆ రోజు మండీలో ఒక్కరూ తల ఊపలేదు. గాబరాలో, "మందేసిన బెల్లం ఇక కొనబోమని మా అమ్మ కాణిపాకంలో మొక్కుకుంది" అనేశాను. నాయన పోయాక గల్లా మీద కూర్చుని తూకంలో ఒక్క మాట రానివ్వనిదానివి నువ్వు. నీ పేరు వినగానే అందరూ సరేనన్నారు.

మొన్న శుక్రవారం రైతులంతా తలస్నానం చేసి, తడిబట్టలతో సామి ముందు ఒక్కొక్కరే ప్రమాణం చేశారు. వైద్యరు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. చివర నన్ను ముందుకు తోశారు. రేటు తగ్గించనని, మీయమ్మ మొక్కు నిజమని చెప్పమన్నారు. నిజం చెబితే వైద్యరు వెళ్లిపోతాడు, మండీ మునుగుతుంది. అయినా ఆ సామి ముందు అబద్ధం ఆడలేకపోయాను. మా అమ్మ మొక్కుకోలేదు, నేనే కల్పించానని చెప్పేశాను.

మునిరామయ్య తడి తువ్వాలు పిండుకుంటూ, "తెలుసులేప్పా" అన్నాడు. "మీయమ్మ ఆడికిర్తిక పండగ నుంచి మద్రాసులోనే ఉండాది గదా. మొక్కు యాడినుంచి వస్తాది?"

"మరి మందు ఎందుకు మానారు?"

"మానాలని మాకూ ఉండె. ఎవురో ఒకరు ముందు సెప్పాల గదా. నువ్వు సెప్పితివి."

ఆ మాటలు ఎవరో వైద్యరుకు అరవంలో చెప్పారు. ఆయన, నష్టమని తెలిసీ నిజం చెప్పినవాడి మాటే పూచీ అని, సోమవారం లారీ పంపుతానన్నాడు. అప్పుడు నా పేరుతోనే ప్రమాణం చేశాను. లారీ రేపే వస్తుంది. ఇంట్లో ఎవరికీ కాలు నిలవడం లేదు.

నువ్వూ ఆ గల్లా మీద తెల్లబెల్లమే కొన్నావు. మమ్మల్ని పెంచాలి కాబట్టి కొన్నావు, అది తప్పని నేననను. కానీ ఒక్కటి అడుగుతాను. నేను ముందే నీ దగ్గరికి వచ్చి, ఈ మొక్కు మొక్కుకోమ్మా అని ఉంటే, మొక్కుకునేదానివా? దానికి మాత్రం వకుళ చేత రాయించకుండా నీ చేత్తోనే రాయి. ఒక్క మాట చాలు.

ఇట్లు,
నీ పేరు చెప్పుకుని బతికే నీ కొడుకు,
సుందరరాజు.