ఉదయగిరి చర్చిలో పియానో పలికింది

నాయనకు వందనాలు. నేను బాగున్నాను, పట్టిన పని సాధించాను.

ఇక్కడి చర్చిలో మూలపడిన పాత పియానో ఒకటి బాగుచేసే పని పట్టాను. కాలితో పెడల్ తొక్కితే లోపలి తిత్తులు గాలి పీలుస్తాయి. చిల్లుల కాగితపు చుట్ట తిరిగేకొద్దీ మెట్లు వాటంతటవే పడి పాట పలకాలి. తిత్తుల గుడ్డ, రబ్బరు గొట్టాలు మార్చినా పలకలేదు. ఆదివారానికి పలక్కపోతే పాత సామాన్లకు వేసేస్తామని సంఘపెద్ద డేవిడ్‌రాజు గారు చెప్పేశారు.

నిన్న చర్చి పక్కింటి హజరాబీ చేత పెడల్ తొక్కిస్తూ, గాలి ఎక్కడ దూరుతోందోనని గొట్టాల వెంట ఊదుబత్తి పట్టుకుని చూశాను. "ఇంతసేపు సైకిల్ తొక్కుంటే ఆత్మకూరికి పోయుండేదాన్ని" అని ఆమె నవ్వుతుండగానే ఒకచోట పొగ లోపలికి దూరింది. ఆ సందుకు పలచటి తోలు అతికించాను.

ఈ ఉదయం ఆరాధనలో కీర్తన మొత్తం పలికింది. జనమంతా లేచి గొంతు కలిపారు. డేవిడ్‌రాజు గారు దగ్గరకొచ్చి, "దీన్ని అమ్మే మాట ఇంక లేదమ్మా. ఏడాదికోసారి నువ్వే వచ్చి చూసుకోవాల" అన్నారు.

కాలవకు నీళ్లు వదిలారా? అమ్మ మోకాలు ఎలా ఉంది? తోలు కత్తిరించే నా పెద్ద కత్తెర బస్సులో పంపించు. వద్దు, నువ్వే తీసుకుని వచ్చే ఆదివారం అమ్మతో రా. ముందు బెంచీలో మీకు చోటు ఉంచమన్నాను.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

నీ బిడ్డ,
సుజన