నిమ్మరసం గ్లాసులో సరస్సు

శుక్రవారం, శాంటా క్లారా

నిద్ర పట్టడం లేదు. సాయంత్రం నాతో పనిచేసే కిరణ్ వాళ్లింట్లో భోజనం. వాళ్లావిడ ఇచ్చిన నిమ్మరసం గ్లాసులోకి చూస్తే పైనుంచి ఐసు తప్ప ఏమీ కనిపించలేదు. ఆఫీసులో మేమిద్దరం కొలిచిన సరస్సు గుర్తొచ్చింది.

అలాస్కాలో హిమానీనదం అంచున ఉన్న ఆ సరస్సునీ మేం పైనుంచే కొలిచాం, శాటిలైట్ ఫోటోల్లో. నీలంగా ఉన్నది నీరనీ తెల్లగా ఉన్నది హిమానీనదమనీ లెక్క కట్టాం. సరస్సు చిన్నదే, దిగువ ఊరికి వరద ముప్పు తక్కువే అని మ్యాప్‌లో ఆకుపచ్చ రంగు వేసి ఇవాళ పొద్దున్నే అక్కడి అధికారులకు పంపేశాం.

"కిరణ్, ఆ తెల్లదంతా నీళ్ల మీద తేలే ఐసేమో. చెక్ చేశావా?"

అతని చేతిలో ముద్ద ఆగిపోయింది. "నువ్వు చేశావనుకున్నా."

కంచాలు వదిలేసి లాప్‌టాప్ తెరిచాం. నిన్నటి ఫోటో పక్కన ఇవాళ్టిది పెడితే తెల్లటి ముక్కలు చోటు మారాయి. హిమానీనదం ఒక్కరోజులో అంత కదలదు. కిందంతా నీళ్లే. సరస్సు మేం లెక్క కట్టినదానికన్నా చాలా పెద్దది, ఊరికి ముప్పూ అంతే.

వెంటనే మెయిల్ పెట్టాం. అక్కడి ఎమర్జెన్సీ డెస్క్‌కి ఫోన్ చేశాం. ఎవరో అంతా విని, "ఓకే, థాంక్యూ" అని పెట్టేశారు.

అంతే. ఎవరైనా వెళ్లి తలుపులు తట్టారా? మెయిల్‌కి జవాబు లేదు. మా ఆకుపచ్చను నమ్మి ఆ ఊరు ఈపాటికి హాయిగా నిద్రపోతూ ఉంటుంది.