పసుపు రాసిన ఫియట్ కారు క్లెయిము

రాయపూర్,
డిసెంబరు 1983.

మోటారు బీమా కార్యాలయం బ్రాంచి మేనేజరు శ్రీయుత మల్లేశ్వరరావు గారి సముఖమునకు, గుఢియారీ రైలు గేటు అవతల కాపురముండి భన్‌పురిలోని ఒక రోలింగు మిల్లులో స్టోరు కీపరుగా పనిచేయుచున్న అమ్మిరాజు సమర్పించుకొన్న అర్జీ.

విషయం: దసరానాడు గుర్తుతెలియని ఎర్ర టెంపో గుద్ది పారిపోయిన నా ఫియట్ కారుకు క్లెయిము మంజూరు చేసి, తద్వారా మా అత్తగారిని వారి స్వగ్రామమునకు చేర్చుటకు సహకరించుట గురించి.

అయ్యా,

తాము నెల్లూరు నుండి బదిలీపై వచ్చిన తెలుగువారని పండరీ బట్టల బజారులో చీరలు బేరమాడుచుండగా తెలిసినది. తెలిసినంతనే ఈ అర్జీ తెలుగులో రాయుటకు సాహసించితిని. ఇదివరలో హిందీలో ఒకటి మా మిల్లు టైపిస్టు చేత కొట్టించి సమర్పించియుంటిని. అందులో కారు బాధ వచ్చినది గాని నా బాధ రాలేదు. హిందీలో నేను కూరలు కొనగలను, లారీ డ్రైవర్లతో పోట్లాడగలను, ఏడవటం మాత్రం తెలుగులోనే వచ్చును. కావున దిగువ సంగతులను ఓపికతో చదువ ప్రార్థన.

1. సదరు కారు మీగడ రంగు ఫియట్. మా మిల్లు సేఠ్ గారు కొత్త కారు కొనుక్కొని, పాతదానిని నాకు వాయిదాల మీద ఇచ్చిరి. మా వంశములో ఎడ్లబండి దాటి ముందుకు పోయినవాడను నేనొక్కడినే. చిన్న పాలసీ చాలునని తమ గుమాస్తా గారు చెప్పినను వినక, సొంత బండి దెబ్బ తిన్నను ఇచ్చే పెద్ద పాలసీయే తీసుకొంటిని. అంత జాగ్రత్తపరుడను.

2. దసరా పండుగకు మా అత్తగారు నాంచారమ్మ గారు పిఠాపురం దగ్గరి పల్లె నుండి దయచేసిరి. పండుగ ఉదయము కారుకు పూజ జరిగినది. చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టితిమి. నా భార్య సుభద్రను ముందు సీటులో ఎడమవైపున కూర్చోబెట్టి, అత్తగారు బూడిద గుమ్మడికాయతో దిష్టి తీసి, సుభద్రను దింపి, ఆ కాయను నడిరోడ్డు మీద పగలగొట్టిరి. అటు తరువాత ఎవరూ వెనుదిరిగి చూడకుండా లోపలికి పోయి కాళ్ళు కడుగుకొనవలెనని తమకు తెలియనిది కాదు. మేము ముగ్గురమూ గుమ్మము ఎక్కుచుండగా వెనుక నుండి టెంపో వచ్చిన చప్పుడు, గుమ్మడికాయ గుజ్జు మీద చక్రము జారిన చప్పుడు, ఆపైన నా గుండె ఆగిపోవునంతటి చప్పుడు వరుసగా వినవచ్చినవి. నేను తిరగబోయితిని. "వెనక్కి చూస్తే నామీద ఒట్టేనని చెప్పవే మీ ఆయనకి!" అని అత్తగారు కేక వేసిరి. అయ్యా, నా కారును నా వెనుకే గుద్దుచుండగా నేను గోడ మీది క్యాలెండరును చూచుచు నిలబడితిని. ఏ మగవాడికీ ఈ గతి పట్టకూడదు. కాళ్ళు కడుగుకొని వచ్చి చూచుసరికి, సుభద్ర అప్పుడే దిగిన ఎడమ తలుపు లోపలికి పోయి ఉన్నది, మడ్గార్డు ముడుచుకొని ఉన్నది. టెంపో భన్‌పురి వైపు పారిపోయినది. నంబరు చూచినవారు లేరు. టెంపో ఎర్ర రంగు మాత్రము నా కారు తలుపు మీద బారెడు గీతగా మిగిలినది. సాక్ష్యము అది ఒక్కటే.

3. అందరికంటె ముందు కాళ్ళు కడుగుకొన్న అత్తగారు కిటికీలో నుండి డ్రైవరును ఒక్క క్షణము చూచిరి. మా ఇండ్లలో అత్తగారు అల్లుడితో ఎదురుగా మాటలాడరు. కావున ఆమె చూచినది సుభద్రకు చెప్పిరి, సుభద్ర నాకు చెప్పినది, నేను ఠాణాలో రాతపని చూచు మున్షీకి హిందీలో చెప్పితిని. ఆమె అన్నది ఇంతే: "అచ్చం మా ఊరి పాపయ్యగారి రెండో అబ్బాయి అచ్చయ్యలా ఉన్నాడు." పేరు దొరికినదని మున్షీ మిక్కిలి సంతోషించి, "నామ్ తో మిల్ గయా!" అని, ముద్దాయి గడిలో అచ్చయ్య, తండ్రి పాపయ్య అని రాసి సంతకము పెట్టించుకొనెను. ఆ అచ్చయ్య పిఠాపురంలో గోలీసోడా కొట్టు నడుపుకొనువాడు, తుని దాటి ఎరుగడు. వానికి ఇక్కడి నుండి పోలీసు కాగితము పోయినది. పాపయ్య గారు నాకు కార్డు రాసిరి. అందులోని మాటలు తమ హోదాకు తగవు గనుక ఇక్కడ ఉదహరించుట లేదు. ఈ వ్యవహారము తేలువరకు ఊరిలో తల ఎత్తుకొనలేనని అత్తగారు అంటున్నారు. అనగా ఇక్కడే ఉంటారు.

4. తరువాత తమ సర్వేయరు దేవాంగన్ గారు దయచేసిరి. పెద్ద ఆఫీసరు కారును చూడ వచ్చుచున్నాడని విని, ముందురోజే మా అత్తగారు కారును కడిగి, దెబ్బ తగిలిన మేర అంతయు పసుపు ముద్దగా పట్టించి, పసుపు పెట్టి ఊరుకోరాదు గనుక దాని నిండా కుంకుమ అద్ది, పైన బంతిపూల దండ వేసిరి. నేను మిల్లు నుండి వచ్చుసరికి దేవాంగన్ గారు కారు తలుపు ముందు గొంతుకూర్చుని ఉన్నారు. "యే క్యా హై?" అనిరి. ఇంటి తలుపు చాటు నుండి అత్తగారు, "దెబ్బకి పసుపు రాయకపోతే చీము పట్టదా అని అడగవే" అనిరి. నేను దానిని హిందీలో చెప్పితిని. చెప్పుచుండగానే నాకు సిగ్గు వేసినది గాని చెప్పకుండ ఉండలేకపోతిని. ఆయన గోటితో ఎరుపు గీకి వాసన చూచి కుంకుమ అనిరి. అయ్యా బాబూ, పైన ఉన్న ఎరుపు మా అత్తగారిది, కింద ఉన్న ఎరుపు టెంపోది, కాస్త లోతుగా గీకండి అని చేతులు జోడించితిని. గీకలేదు. దేవుడి బొమ్మను గీకినట్లు ఉన్నదని ఆయనకు భయము వేసినది. నివేదికలో మాత్రము ధైర్యముగా ఇట్లు రాసిరి: "వాహనమును ఢీకొన్న గుర్తులు లేవు. పూజించిన గుర్తులు కలవు." మా ఇంట పులిహోర తిని, వారి ఇంటావిడకు ఇచ్చిన రవికల గుడ్డ పుచ్చుకొని కూడ ఇట్లు రాయుట న్యాయమా అని తమనే అడుగుచున్నాను.

5. గుఢియారీలో షెడ్డు పెట్టుకొన్న మెకానిక్ పరదేశి మనవాడే, శ్రీకాకుళం వైపు రైల్వే వారి బిడ్డ. అయినను క్లెయిము తేలువరకు సుత్తి ముట్టుకోనన్నాడు. "ఏటి బావూ, నానిప్పుడు తట్టీసినాననుకో, రేపు మళ్ళీ ఫిర్ సే సర్వే అంటారు, అప్పుడు సొట్ట ఎక్కడినుంచి తెత్తావు?" అని అడిగెను. కారు మా వాకిట్లోనే ఉన్నది. ఎడమ తలుపు తెరుచుకోదు, కుడి తలుపు మూసుకోదు.

6. ఇక ముఖ్యాంశము. గుద్దిన రోజు సాయంత్రమే అత్తగారు ప్రమాణము చేసిరి. స్టేషనుకు ఈ కారులోనే పోదురట. దెబ్బ తిన్న బండిని వదిలి రిక్షా ఎక్కితే దాని మనసు కష్టపెట్టుకొనునట. వాల్తేరు పాసింజరుకు నేను తీసిన టిక్కెట్లు తీసినట్లే వాపసు ఇచ్చుచున్నాను. స్టేషను బుకింగు గుమాస్తా నన్ను చూడగానే "మాతాజీ నహీ గయీ?" అని పలకరించుచున్నాడు. ఆమె చెడ్డవారని నేను అనను. ఆమె వలన నాకు నేతి అన్నము, రెండు పూటలా పప్పు, మూడు రకముల పచ్చడి దొరకుచున్నవి, చొక్కా గుండీలు పట్టుట లేదు. కాని సొంత ఇంటిలో బనియనుతో తిరుగలేను, సిగరెట్టు కాల్చలేను, రేడియో ముట్టుకోలేను. సిగరెట్టు కొరకు పోయి కారులో కూర్చుందును. కుడి తలుపు మూసుకోదు గనుక పొగ బయటకు వచ్చును. నాతో ఎదురుగా మాటలాడరాదు గనుక ఆమె వాకిట్లోకి వచ్చి కారుతో మాటలాడుదురు. "ఏమమ్మా కారూ, నీ లోపల పొగ పెట్టేవాళ్ళకి ఊపిరితిత్తులు అక్కర్లేదేమో కనుక్కో" అందురు. మా వాడలోని ఛత్తీస్‌గఢీ ఆడవారందరు వచ్చి నిలబడి నవ్వుచున్నారు. కారుతో మాటలాడు అత్తగారు, కారులో కూర్చుని జవాబు చెప్పని అల్లుడు, ఇదియే ఇప్పుడు గుఢియారీలో వినోదము.

7. ఈ విచారము నా భార్య ఆరోగ్యమును కూడ దెబ్బ తీసినదని, పాలసీలో మానసిక వేదనకు గడి ఉన్నచో అందులో చేర్చుకొనవలెనని మనవి. సుభద్ర కారు మీది బెంగతో ఉదయము లేవగానే వాంతులు చేసుకొనుచున్నది. పెట్రోలు వాసన వచ్చిన చాలు, ముక్కుకు కొంగు అడ్డము పెట్టుకొని లోపలికి పోవుచున్నది. అన్నము సహించక పచ్చి చింతకాయలు ఉప్పుతో నంజుకొని తినుచున్నది. నీళ్ళ బకెట్టు ఎత్తబోయినచో అత్తగారు లాగుకొనుచున్నారు. ఒక్కొక్కప్పుడు ఊరక నా ముఖము చూచి నవ్వి, వెంటనే కళ్ళు తుడుచుకొనుచున్నది. "ఏమిటే?" అంటే "ఏం లేదండీ" అనును. క్లెయిము వచ్చును, దిగులు పడకు అని ధైర్యము చెప్పుచున్నాను. బీమా వారి ఆలస్యము ఒక ఇల్లాలిని ఈ స్థితికి తేవచ్చునా?

కావున తాము (అ) తలుపు లోతుగా గీకించి మరల సర్వే చేయించవలెను. (ఆ) ఆ సర్వేయరు పూజలకు భయపడనివారు కావలెను. (ఇ) మొత్తము ఇచ్చుటకు వీలుకానిచో, కారు ఒక్కసారి స్టేషను వరకు పోగలిగినంత మేరకైనను ఇప్పించవలెను. తిరుగు ప్రయాణము సంగతి నేను చూచుకొందును.

మిల్లులో నాకు సెలవు దొరకలేదు. అందువలన ఈ అర్జీని అత్తగారి చేతనే పంపుచున్నాను. అన్నిటికీ ప్రమాణము చేయు మనిషి, ఆఫీసుకు రిక్షాలో వచ్చుటకు మాత్రము అడ్డు చెప్పలేదు. ఆమెకు చదువు రాదు గనుక పై ఆరవ అంశమును నిర్భయముగా రాసితిని. ఒకవేళ తాము తిరస్కరించదలచినచో, ఆ మాట ఆమెకు తామే స్వయముగా చెప్పవలెను. నావల్ల కాదు.

చిత్తగించి, నన్ను నా ఇంటికి తిరిగి యజమానిని చేయవలెను.

తమ విధేయుడు,
అమ్మిరాజు

(ఇక్కడి నుంచి వేరే దస్తూరీ)

బాబూ,

నేను నాంచారమ్మనండి. మీ గది బయట బెంచీ మీద కూచున్నదాన్ని నేనే. అల్లుడుగారు కవరు అన్నం మెతుకులతో అంటించేరు. రిక్షా కుదుపులకి అది ఊడొచ్చేసింది. నాకు చదువు రాదని ఆయనకి ఎవరు చెప్పేరో మరి. మా నాన్న నాలుగో క్లాసుదాకా చదివించేడండి. మీ బంట్రోతునడిగి పెన్ను పుచ్చుకుని రాస్తున్నాను.

ఆయన రాసినవన్నీ నిజమేనండి, ఏడో నెంబరు తప్ప. మా సుభద్రకి కారు మీద బెంగేం లేదు. దానికి నాలుగో నెల. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఇంతకు ముందు రెండుసార్లు నిలవలేదండి. ఆ రెండుసార్లూ ఈయన తెలిసిన మర్నాడే మిల్లంతా మిఠాయి పంచేసి, తరవాత గోడకేసి తిరిగి పడుకుని ఏడ్చేరంట. "ఐదో నెల దాకా ఆయనకి చెప్పొద్దమ్మా, ఈసారి ఆయన ఏడిస్తే నేను చూళ్ళేను" అందండి మా పిల్ల. అందుకే నోరు కట్టుకున్నాం. ఎదురుగా అన్నీ చూస్తూ కూడా కారు కోసం వాంతులనుకుంటున్నారు. అంత అమాయకుడు. ఏమీ అనకండి ఆయన్ని.

ఆ గుమ్మడికాయ కారుకి కాదు బాబూ. మా పిల్లకి తీసేను. ఆ సీట్లో కూచోబెట్టి తీసేను. అది దిగిన తలుపు మీదే వచ్చి పడింది దెబ్బ. దాని మీద పడాల్సింది ఆ బండి తీసుకుంది. అలాంటి బండికి దెబ్బ తగిలితే పసుపు రాయనా, మీరే చెప్పండి.

స్టేషనుకి ఆ కారులోనే వెళ్తానన్నానంటే, అది ఇప్పట్లో బాగవదని ఆ పూటే పరదేశి చెప్పేడు గనకండి. పిల్లని ఇప్పుడు ఒంటరిగా వదిలి ఎలా పోను? కాబట్టి మీరు తొందరపడకండి. మీ ఆఫీసులో పని ఎలాగూ నిదానమేనంట. ఐదో నెల రానివ్వండి, మేమే ఆయనకి చెప్తాం. అయితే వైశాఖంలో కానుపండి. ఈ ఊరి ఎండలో దాన్ని రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకుపోలేను. మీ సంతకం ఫాల్గుణంలో పెట్టెయ్యండి, పరదేశి ఆ తలుపు బాగుచేస్తాడు. ఆ తలుపు తీసే మా పిల్లని ఎక్కించాలి. మర్చిపోయేరో, నేనే మళ్ళీ వచ్చి ఈ బెంచీ మీద కూచుంటాను.

అచ్చయ్య సంగతి కూడా పోలీసులకి ఓ మాట చెప్దురూ, పాపం సోడాలు అమ్ముకునేవాడు.

ఈ కాయితం అల్లుడుగారికి చూపించకండి బాబూ. ఇందాక లోపలికొస్తూ బయట ఆగున్న మీ కారు చూసేను. వెనక వైపు సొట్ట పడుంది, ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. నా కొంగున పసుపు ఉంటే, రాసే వచ్చేనండి.