నీ వేలిముద్రలు ఆగిన పేజీ

నాయినా,

నువ్వు పోయి ఏడాదైంది. నీ ఉద్యోగం నాకిచ్చారు. రేపు పొద్దున మొదటిసారి బొగ్గుబాయిలోకి దిగాలి. చాలా భయంగా ఉంది.

శబరిమలకు నడిచివెళ్లిన ఒకాయన రాసిన పుస్తకం, నువ్వు చదువుతుండేదే, ఇప్పుడు నేను చదువుతున్నాను. రిటైరయ్యాక నువ్వూ నడుస్తానన్నావు కదా. బడి మానేసినవాణ్ణి, రోజుకు రెండు పేజీలే సాగుతున్నాయి. ప్రతి పేజీ మూలన నీ బొగ్గు వేలిముద్ర ఉంది. ఆయన ఒంటరిగా అడవిలోకి అడుగుపెట్టిన చోట ఆ ముద్రలు ఆగిపోయాయి. తర్వాతి పేజీల అంచులకు మసి అంటలేదు. నేను పేజీ తిప్పకుండానే పుస్తకం మూసేశాను.

సాయంత్రం నీతో పనిచేసిన రాజన్న కాక వచ్చాడు. "ఫికర్ చెయ్యకురా. మొదటి దినం మీ నాయిన గూడ నా చెయ్యి ఇడ్వలే. ఎవ్వలకు చెప్పకు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

రేపు పైకొస్తే, చేతులు కడగకుండానే ఆ పేజీ తిప్పుతాను.