వెనక టాంకు ముల్లు

13 ఫిబ్రవరి 2025, గురువారం

వాకిలి కడిగాను. ఇడ్లీ పిండి రుబ్బాను. పై టాంకు నింపాను. కరెంటు బిల్లు కట్టాను. దుప్పట్లు రెండు ఉతికి ఆరేశాను. ఒక్క మనిషికి రుబ్బిన పిండి తరగడం లేదు, పులిసిపోతోంది. వచ్చేసారి సగమే నానబెట్టాలి.

సాయంత్రం మెకానిక్ అయ్యప్పన్ వచ్చి షెడ్డులోని బండికి కొత్త బ్యాటరీ వేశాడు. ఏడాది నుంచి కదలని బండి, రెండో తిప్పుకే స్టార్ట్ అయింది. స్టీరింగ్ వెనక గాలి చూపించే ముళ్ళు రెండున్నాయి. ముందు టాంకుకు ఒకటి, వెనక టాంకుకు ఒకటి. రెండూ ఎనిమిదికి ఎక్కాయి. ఇంజన్ ఆపి లోపలికి వచ్చి కాఫీ తాగాం. తిరిగి చూస్తే ముందుది ఎనిమిదిలోనే ఉంది. వెనకది అయిదుకు దిగింది.

ఇది కారు మాదిరి కాదక్కా, గాలి ఉంటేనే బ్రేకు వదులుతుంది, గాలి పోతే చక్రాన్ని పట్టుకుంటుంది, నడి రోడ్డులో నిలిచిపోతే నేనేం చేసేది అన్నాడు. లీకు దొరికే వరకు మదురై వైపు స్టీరింగ్ పట్టనన్నాడు. బాగా చెప్పాడు. భయపడే డ్రైవరే నాకు కావాలి.

శివరాత్రి 26న.

14 ఫిబ్రవరి, శుక్రవారం

ఇల్లు తుడిచాను. కూర చేయలేదు, నిన్నటి పులుసే.

ఈ బండి ఎందుకో ఒకసారి రాసి పెట్టుకుంటాను. మా కులదైవం గుడి మదురైకి అవతల, మా వాళ్ళు మొదట దిగిన పల్లెలో ఉంది. మాసి నెల శివరాత్రికి ఎక్కడెక్కడి పంగాళ్ళు, మా దాయాదులందరూ అక్కడికి చేరతారు. పగలు, రాత్రి అక్కడే. చుట్టూ బోడి పొలం. ఆడవాళ్ళకు చాటు లేదు. పెళ్ళయిన నాటి నుంచి ఆ రోజు నేను నీళ్ళు తాగను. ముందు రోజు సాయంత్రం నుంచే మానేస్తాను. మా ఆడవాళ్ళందరూ అంతే. ఉపవాసం అని పైకి చెబుతాం.

ముందటేడాది శివరాత్రి నుంచి తిరిగొచ్చాక జ్వరంతో ఆసుపత్రిలో పడ్డాను. ఎందుకు నీళ్ళు తాగలేదమ్మా అని డాక్టరమ్మ తిట్టింది. ఆయన పక్కనే ఉన్నారు. తరువాతి నెలలో మిల్లు వాళ్ళ పాత స్టాఫ్ బస్సు ఒకటి కొని బాడీ కట్టే షాపులో వదిలారు. ముందు బాత్రూము కట్టండి, మంచం సంగతి తరువాత అన్నారట. చంద్రశేఖరన్ అన్న పంపుసెట్లు చేసి చేసి నీళ్ళ పిచ్చి పట్టి ఉండాడు అని షాపు వాళ్ళు నవ్వారట.

పోయినేడాది తై నెలలో, సంక్రాంతి దాటాక, బండి ఇంటికి వచ్చింది. శివరాత్రికి ముందే ఆయన పోయారు.

16 ఫిబ్రవరి, ఆదివారం

మరిది హరిహరన్, తోడికోడలు కృష్ణమ్మాళ్ వచ్చారు. వంకాయ పులుసు, అప్పడాలు చేశాను. చాలా రోజులకు నాలుగు గిన్నెలు తోమాను.

సంవత్సరీకం అయిపోయింది కద వదినా, సుమ్మా ఊరికే ఎందుకు ఆ బండిని పెట్టుకుని కాచేది అన్నాడు హరిహరన్. పొల్లాచ్చిలో ఒకాయన కొబ్బరి తోపులో దాన్ని రూముగా పెట్టుకుంటాడట. చక్రాలు పీకేసి కింద ఇటుకలు పేరుస్తారట. 28న క్రేన్ తెచ్చుకుంటానన్నాడట. శివరాత్రికి మా కారులోనే సర్దుకుని కూర్చుందురు అన్నాడు.

ఈ బండిలోనే వస్తానన్నాను. కృష్ణమ్మాళ్ తింటున్న చెయ్యి ఆపింది. ఏందక్కా, కక్కూసు కట్టిన బండిని సామి ముందరికి తోలుకొస్తురా, ఊరు నవ్వదా అంది. మన అత్తకు, ఆమె అత్తకు లేని వంటి బాధ మనకే వచ్చిందా అంది. పోయేటప్పుడు మాత్రం షెడ్డులోకి వెళ్ళి లోపల తలుపు తీసి చూసింది. కొళాయి తిప్పి కూడా చూసింది. నేను వంటింటి కిటికీలోంచి చూశాను.

17 ఫిబ్రవరి, సోమవారం

అయ్యప్పన్ బండి కింద దిమ్మలు పెట్టి, చక్రాలకు కట్టెలు ఆనించి, సబ్బు నీళ్ళతో మొదలుపెట్టాడు. బ్రష్‌తో ప్రతి జాయింటుకు నురగ రాస్తే, కారే చోట బుడగ వస్తుంది. బుడగ రాని చోట నేను సుద్దతో గీత పెడుతూ వచ్చాను. ఒక ట్యూబు దగ్గర చిన్న బుడగ వచ్చింది. ట్యూబు మార్చాడు.

మళ్ళీ అయిదుకే దిగింది.

19 ఫిబ్రవరి, బుధవారం

అయిదు.

20 ఫిబ్రవరి, గురువారం

బియ్యం ఏరాను. పటాలు తుడిచాను. తరువాత షెడ్డు.

ఒకదాని తరువాత ఒకటి కొట్టేస్తూ వచ్చాను. బ్రేకు తొక్కి పట్టుకున్నా అంతే వేగంగా దిగుతోంది, వదిలినా అంతే. కాబట్టి బ్రేకుల్లో లేదు. బండి ఒక పక్కకు ఒరగడం లేదు. కాబట్టి కింద బరువు మోసే గాలి బుడ్లలో లేదు. ముందు టాంకు బాగుంది. మిగిలింది వెనక టాంకు, దాని చుట్టుపక్కల. అక్కడ అన్నిటి మీదా నా సుద్ద గీతలే ఉన్నాయి.

ఇంజన్ ఆపి కూర్చుంటే సన్నగా సుస్సుమని వినిపిస్తుంది. ఈ ఇంట్లో నేను చేయకుండా వచ్చే శబ్దం అదొక్కటే. పుస్తకం తీసుకుని వెళ్ళి అక్కడే కూర్చున్నాను.

22 ఫిబ్రవరి, శనివారం

అయ్యప్పన్ ఇంకో మెకానిక్‌ను తెచ్చాడు. లోపలి వాల్వు ఏదో అరిగి ఉండచ్చు అన్నారు. అది చెన్నై నుంచి రావాలట, శివరాత్రి దాటుతుందట. అయ్యప్పన్ నా ముఖం చూడకుండా సామాన్లు సర్దుకున్నాడు. అడుత్త సంవత్సరం, వచ్చే శివరాత్రికి పోదాం అక్కా అన్నాడు. అడుత్త సంవత్సరం దీనికి చక్రాలుండవని నేను చెప్పలేదు.

హరిహరన్‌కు ఫోన్ చేసి, కారులోనే వస్తాననక తప్పలేదు. అట్ల చెప్పండి వదినా అన్నాడు. సంతోషంగానే అన్నాడు పాపం.

అన్నం వండలేదు.

23 ఫిబ్రవరి, ఆదివారం, మధ్యాహ్నం

దొరికింది.

కారులో వెళ్ళేదే అయినా, సుద్ద గీతలన్నీ మొదటి నుంచి మళ్ళీ సరి చూశాను. లెక్క సరిపోకుండా పక్కన పెట్టడం నాకు చేతకాదు. గోనెపట్టా పరుచుకుని టార్చితో కిందికి దూరాను. టాంకు చుట్టూ ప్రతి జాయింటుకూ గీత ఉంది. ఒక్కచోట లేదు. అక్కడ దిష్టి కట్టు వేలాడుతోంది.

బండి ఇంటికి వచ్చిన రోజు ఆయన కట్టిందే. నల్ల తాడుకు పటిక ముక్క, నిమ్మకాయ, మిరపకాయలు. ముందు బంపరుకు ఒకటి కట్టి, వెనక నుంచి చూసే కళ్ళు లేవా అని ఇంకోటి పెద్ద పటికతో కట్టారు. వెనక కట్టడానికి కొక్కెం దొరకలేదు. కిందికి వంగి, టాంకు కింద ఒక ఇనుప రింగు కనిపిస్తే దానికి కట్టేశారు. టాంకులో చేరిన నీళ్ళు వదిలే చిన్న వాల్వు రింగు అది. పక్కకు లాగితే తెరుచుకుంటుంది. పటిక బరువుకు వెంట్రుక వాసి తెరుచుకునే ఉంది.

అయ్యప్పన్ చూడలేదా? చూశాడు. వచ్చిన మెకానిక్ కూడా చూశాడు. పక్కకు జరిపి చూడండి అని నేనే ఎందుకు అనలేదు? ఇంకొకరు కట్టిన దిష్టిని ఎవరూ తాకరు. దాని చుట్టూ బ్రష్ తిప్పారు. నేనూ సుద్ద ముక్కను దాని పక్క నుంచే తీసుకుపోయాను.

అరచేయి కింద పెట్టి పటికను కాస్త పైకి ఎత్తాను. సుస్సు ఆగింది. వదిలాను. మళ్ళీ వచ్చింది. ఎత్తాను. ఆగింది. చేయి లాగే దాకా అలాగే పట్టుకుని పడుకున్నాను.

తాడు కోయలేదు. ఆయన ముడి గట్టిది, మోటారుకు వైరు చుట్టినట్టే బిగిస్తారు. గోళ్ళతో విప్పాను. గోరు ఒకటి విరిగింది.

24 ఫిబ్రవరి, సోమవారం

రాత్రంతా గడిచినా వెనక ముల్లు ఎనిమిది. అయ్యప్పన్ వచ్చి చూసి తల గోక్కున్నాడు. అది తాకితే మనకు వస్తుందని అమ్మ చెప్పి పెంచింది అక్కా అన్నాడు. వచ్చేది నాకు ఎప్పుడో వచ్చిందిలే, బండి కడుగు అన్నాను. ఇద్దరం నవ్వాం.

దిష్టి కట్టును మూడు దారులు కలిసే చోట వదిలి, వెనక్కి తిరిగి చూడకుండా రావాలి.

చూశాను.

సాయంత్రం షెడ్డులో ఏ చప్పుడూ లేదు. ఉక్క లేకున్నా ఫ్యాన్ వేసుకుని కూర్చున్నాను.

25 ఫిబ్రవరి, మంగళవారం

బండిలో నీళ్ళ టాంకు నింపాను. బకెట్లు రెండు, మగ్గులు రెండు, ఫినాయిలు, పాత చీరలు చింపిన గుడ్డలు. పులిహోర కలిపాను. బండిలోనే వస్తానని హరిహరన్‌కు చెప్పాను. సరే వదినా, బండిని గుడికి వెనక పక్క పెట్టమను అన్నాడు. అదే నాకూ కావలసింది.

తెల్లవారుజామున బయలుదేరాలి. ముందు సీటులో నేను. అయ్యప్పన్ చక్రాల కింద నిమ్మకాయలు పెడతాడట. హారతి మీరు చూపండి అన్నాడు. నేను చూపకూడదు కదా అన్నాను. ఎవరు చెప్పారు అన్నాడు. ఎవరు చెప్పారో నాకూ గుర్తు రాలేదు. కర్పూరం డబ్బా సంచిలో వేసుకున్నాను.

27 ఫిబ్రవరి, గురువారం

ఇంటికి చేరాం. గుడ్డలు నానబెట్టాను. బకెట్లు ఎండలో బోర్లించాను.

నిన్న గుడి దగ్గర మొదట బండి తలుపు తట్టింది ఎవరో ముసలామె, మనవరాలి భుజం పట్టుకుని వచ్చింది. తరువాత వరసే తెగలేదు. కృష్ణమ్మాళ్ మెట్టు దగ్గర నిలబడి, ఒక్కొక్కరే పోండి, నీళ్ళు సన్నంగా పోయండి, ఇది మా ఇంటి బండి అని అందరినీ అదిలించింది. పూజకు నన్ను ఎవరూ పిలవలేదు. ముందు సీటులో కూర్చున్నాను. హరిహరన్ పొల్లాచ్చి మాట ఎత్తలేదు.

అక్కడే, మధ్యాహ్నం ఎండలో రెండు చెంబులు నీళ్ళు తాగాను. సాయంత్రం ఇంకొకటి.

ఇన్నేళ్ళ నా శివరాత్రి నీళ్ళ లెక్కలో చంద్రశేఖరన్ గారి పేర ఇక బాకీ ఏమీ లేదు. తీరింది.