నీళ్ల వంతుల మాక్రో

తమ్ముడికి, ఖాళీ బకెట్టు పక్కన కూర్చుని అక్క దీవించి రాయునది.

మోటారు వేసే వంతు మా బిల్డింగులో ఎవరికీ గుర్తుండదు. నాలుగో అంతస్తులో మాకు చుక్క ఎక్కడం లేదు. పాత సెక్రటరీ గారు పదవి నాకు అంటగట్టి, వంతుల నోటీసు కంప్యూటరు నుంచి అన్ని ఇళ్లకూ దానంతటదే పంపే మాక్రో ఒకటి ఇచ్చిపోయారు. మీ బావ వేలు పెట్టగానే అది ఆగిపోయింది. ఆదివారం మీటింగులోపు నీళ్లు రాకపోతే నా పరువు దక్కదు. ఫైలు తెరిస్తే అన్నీ కొక్కేలే. ఏమిటవి?

నీ అక్క

తా.క. మీ బావ ఏమీ ముట్టుకోలేదట. కీబోర్డు నిండా బిస్కెట్ పొడి ఉంది.

అక్కా,

కొక్కేలు కావు, ట్యాగులు. <ఇల్లు> అని మొదలుపెడితే </ఇల్లు> అని ముగించాలి. ఇంటి లోపల <వంతు> మొదలైతే, ఆ వంతు ముగిశాకే ఇల్లు ముగియాలి. రోజు="మంగళవారం" లాంటిచోట కొటేషన్ గుర్తులు రెండువైపులా ఉండాలి. యంత్రం చదవకూడని సొంత మాటలుంటే <!-- కీ --> కీ మధ్య రాసుకో.

నీ తమ్ముడు

తా.క. పంపే ముందు నాకోసారి చూపించు.

తమ్ముడూ, నువ్వు చల్లగా ఉండాలి.

మంగళవారానికి కుడివైపు కొటేషన్ గుర్తు లేదు. పెట్టాను, నడిచింది. పనిలో పనిగా ఒక్కో ఇంటి కింద నా మాటలు తేదీలతో సహా రాసుకున్నాను. "మొదటి అంతస్తు మాస్టారు: వంతు వచ్చిన నాలుగుసార్లూ తలనొప్పి." "రెండో అంతస్తు డాక్టరమ్మ: కారు కడగడానికి కుళాయి కనబడుతుంది, మోటారు స్విచ్చి కనబడదు." యంత్రం ఎలాగూ చదవదన్నావు కదా, మళ్లీ చుట్టూ ఆ గీతలెందుకు దండగ అని తీసేశాను. నోటీసు వెళ్లిపోయింది.

నీ అక్క

తా.క. నీకు ఊపిరాడని పని అని మరదలు చెప్పింది. అందుకే చూపించలేదు.

అక్కా! అక్కా!

ఆ గీతలుంటేనే యంత్రం చదవదు! ఇప్పుడు నువ్వు రాసిందంతా ఇంటింటికీ చేరిపోయింది. ఎవరొచ్చినా తలుపు తీయకు.

నీ తమ్ముడు

తా.క. బావ గురించి ఏమీ రాయలేదు కదా?

తమ్ముడికి, తలస్నానం చేసి మరీ రాస్తున్నాను.

నన్ను కడిగేద్దామని మీటింగుకు అందరూ వచ్చారు. అందరూ రావడం ఇదే మొదలు. డాక్టరమ్మ నోటీసు ఊపుతూ లేచింది. "ముందు మీ వంతు ఏ రోజో చెప్పండి" అన్నాను. చెప్పలేకపోయింది. ఎవరూ చెప్పలేకపోయారు. నా మాటలు మాత్రం అందరికీ కంఠతా వచ్చు! మూడో అంతస్తువాళ్లకైతే తమ గురించి రెండు ముక్కలే రాశానని కోపం. పేరు మళ్లీ ఎక్కుతుందేమోనని అందరూ రోజూ మోటారు వేస్తున్నారు. ట్యాంకు పొంగుతోంది. అందుకని ఈ వారం నోటీసులో వంతుల్ని గీతల మధ్య పెట్టేసి, నా మాటల్ని బయట ఉంచాను.

నీ అక్క, మళ్లీ ఏకగ్రీవంగా సెక్రటరీ

తా.క. మీ బావ గురించి ఏడు వాక్యాలు. ప్రస్తుతం ఆయన మోటారు దగ్గరే ఉన్నారు, కుర్చీ వేసుకుని.