మూడో తాళంచెవి

ప్రియమైన పిన్నిగారికి,

మీ వెనకింట్లో పదమూడేళ్లు అద్దెకున్న దర్జీ అమ్మాయి నమస్కారాలు. ఫోను చేస్తే "గాలిలో మాటలు నాకొద్దు, రాసి పంపు" అని పెట్టేస్తారు. కోర్టులో ముప్ఫై ఏళ్లు టైపు కొట్టినావిడతో వాదించడం నా వల్ల కాదు. అందుకే రాస్తున్నాను.

పైన రెండు గదులూ పూర్తయ్యాయి. రంగు వాసన ఇంకా పోలేదు. మేస్త్రి ఏడో మెట్టు రెండు వేళ్లు ఎత్తు ఎక్కువ పెట్టాడు. ఎక్కినవాళ్లంతా అక్కడ ఒకసారి తూలి "ఇదేంటండీ" అంటున్నారు. మా ఆయన మాత్రం "దొంగ వస్తే తెలుస్తుందిలే" అని అదేదో తను కావాలని చేయించినట్టు చెప్పుకుంటున్నాడు. బస్సు డిపోలో మెకానిక్కు కదా, ఏ లోపానికైనా ఒక ఉపయోగం చూపిస్తాడు.

ఇక అద్దెకివ్వాలి. ఈ మాట రాస్తుంటే నాకే నవ్వొస్తోంది పిన్నిగారూ. మొన్న ఒకాయన గేటు దగ్గర నిలబడి "ఓనరుగారున్నారా?" అని అడిగితే, మీరేమైనా వచ్చారా అని వెనక్కి తిరిగి చూశాను! ఆయన గదులు చూడకుండానే "కాగితమేదో ఇవ్వండి, సంతకం పెట్టేస్తా" అన్నాడు. రెండోది ఒక అమ్మాయి. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. తనూ వాళ్లమ్మా, ఇద్దరే. మూడుసార్లు వచ్చింది. కుళాయిలన్నీ తిప్పి చూసింది, కిటికీ రెక్క ఎంతవరకు తెరుచుకుంటుందో చూసింది. ఏడో మెట్టు దగ్గర మూడోసారి తూలలేదు. నాకు ఆ అమ్మాయే కావాలి.

అయితే అద్దె ఒప్పందం ఎలా రాయాలో నాకు తెలియదు. మనం రాసుకున్న కాగితం నకలు ఒకటి పంపుతారా? ఏటా మీరు మమ్మల్ని వరండాలో నిలబెట్టి ఇరవై మూడు నిబంధనలూ గట్టిగా చదివేవారు. తొమ్మిదో నిబంధన దగ్గర మా ఆయనకి సరిగ్గా దగ్గు వచ్చేది. అప్పట్లో ఆ కాగితమంటే నాకు ఒళ్లు మంట. ఇప్పుడు అదే కావాలి, చూశారా!

ఇట్లు,
మీ వెనకింటి దర్జీ

*

చిరంజీవి దర్జీ అమ్మాయికి,

ఓనరమ్మవయ్యావు. సంతోషం. ఇక నుంచి కుళాయి కారితే ఎవరిని పిలవాలో వెతుక్కునేది నువ్వే.

కాగితం దీంతోపాటు పంపుతున్నాను. ఇందులో ఒక్కొక్క నిబంధన వెనక ఒక్కొక్క మనిషున్నాడు. గోడకు మేకులు కొట్టరాదన్నది నీకు ముందున్న ఫోటోలాయన పుణ్యం. నువ్వు క్యాలెండరు వెనక కొట్టిన మేకు సంగతి నాకు తెలుసు. అది ఇంకా అక్కడే ఉంది. ఇరవై మూడూ నీకు అక్కర్లేదు, నీ ఇంటికి ఏది అవసరమో అది ఉంచుకో.

ముందు గది గదికీ ఇద్దరూ కలిసి తిరగండి. ఫ్యాన్లు, దీపాలు, గొళ్లాలు, పగిలిన గచ్చు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయండి. ఆ వంకర మెట్టు కూడా రాయి, లేకపోతే రేపు ఎవరో ఒకరు అది అద్దెకున్నవాళ్లే చేశారంటారు. తర్వాత కూర్చుని ఒక్కొక్క నిబంధనా పైకి చదవండి. అర్థమైందా అని అడుగు. ఒప్పుకోనిది ఉంటే కొట్టేసి, పక్కన ఇద్దరూ పొట్టి సంతకాలు పెట్టండి. ఇద్దరు సాక్షులు, రెండు ప్రతులు. ఒకటి ఆమెది, ఒకటి నీది.

చదవకుండా సంతకం పెడతానన్న పెద్దమనిషికి దణ్ణం పెట్టి పంపించెయ్. కాగితాన్ని పట్టించుకోనివాడు నిన్నూ పట్టించుకోడు.

తొమ్మిదో నిబంధన గురించి మాత్రం నేనేమీ చెప్పను. ఆలోచించి పెట్టుకో.

ఆశీస్సులతో,
మీ పాత ఓనరమ్మ

*

ప్రియమైన పిన్నిగారికి,

తొమ్మిదో నిబంధన దగ్గరే బండి ఆగిపోయింది.

మీరు చెప్పినట్టే చేశాను. గదులన్నీ తిరిగాం, అన్నీ రాశాం. నా కుట్టుమిషను బల్ల మీద కాగితం పరిచి చదువుతుంటే, ఆ అమ్మాయి ప్రతి వరుస కిందా వేలు పెట్టి వింది. "తలుపు తాళంచెవి ఒకటి యజమాని వద్ద ఉండును" అనగానే వేలు ఆగిపోయింది. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"మిగతావన్నీ ఒప్పుకుంటానండీ. ఇది మాత్రం వద్దు."

ఇంతకు ముందున్న ఇంట్లో ఓనరు వీళ్లు లేనప్పుడు లోపలికి వచ్చిపోయేవాడట. ఏమీ పోలేదట. కానీ ఒకరోజు బీరువాలో వాళ్లమ్మ చీరలు వేరేగా మడతపెట్టి ఉన్నాయట. అప్పటినుంచి ఆవిడ ఇల్లు వదిలి బజారుకు కూడా వెళ్లలేదు.

"నేనలాంటిదాన్ని కాదమ్మా" అన్నాను.

"మిమ్మల్ని అనలేదండీ. ఆ చెవి సంగతి చెప్తున్నాను" అంది. గొంతు పెంచలేదు, బతిమాలనూ లేదు. ఆదివారం దాకా ఆలోచించుకోమని వెళ్లిపోయింది. ఒకటో తారీఖుకల్లా వాళ్లు ఆ ఇల్లు ఖాళీ చెయ్యాలి.

మా ఆయన "కొట్టెయ్, ఏమీ పుట్టి మునిగిపోదు" అంటాడు. నాకు కోపమొచ్చింది. కోపం కాదు, భయం. పై గదులకి తాళం వేసి ఆమె దుకాణానికి పోతే, లోపల ఏదైనా అంటుకుంటే నేను కింద నిలబడి ఏం చెయ్యాలి?

మీకు గుర్తుండే ఉంటుంది, మేం వచ్చిన మూడో ఏడు. మా పెద్దపిల్ల బడిలో పడి గడ్డం చీరుకుందని కబురొస్తే, ఇస్త్రీపెట్టె రవిక మీద అలాగే వదిలేసి పరుగెత్తాను. ఆసుపత్రిలో కుట్లు వేస్తున్నప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రం వచ్చేసరికి మీరు చెమటలు కక్కుతూ వరండాలో కూర్చున్నారు. "కరెంటు పోయి చాలాసేపైంది. ముందు లోపలికెళ్లి స్విచ్చులన్నీ ఆపు" అన్నారు. వెళ్లి చూస్తే పెట్టె చల్లగా ఉంది, రవిక మీద అరచేయంత గోధుమరంగు మచ్చ. ఆ రోజు కరెంటు పోబట్టి బతికిపోయాం. ఇప్పటికీ ఇల్లు వదిలే ముందు మూడుసార్లు ప్లగ్గు చూసుకుంటాను.

ఒక్క మాట నిజం చెప్పండి. పదమూడేళ్లు మా తాళంచెవి మీ దగ్గరుంది. ఎప్పుడైనా తెరవబోయారా? తెరవబోయినా నేనేమీ అనుకోను. మీరు చెప్పినదాన్ని బట్టే నిర్ణయం తీసుకుంటాను.

మీ
దర్జీ అమ్మాయి

*

చిరంజీవి దర్జీ అమ్మాయికి,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఒక్కసారి ప్రయత్నించాను. తెరుచుకోలేదు.

నువ్వు రాసిన రోజే అది. మధ్యాహ్నం వెనకనుంచి కాలిన వాసన వచ్చింది. తలుపు కొట్టాను, పలకలేదు. మేకుకున్న మీ చెవి తెచ్చి తాళంలో పెట్టాను. తిరగలేదు. అటు తిప్పాను, ఇటు తిప్పాను. చెవి వంక చూశాను, తలుపు వంక చూశాను. అప్పుడు అర్థమైంది, తాళం మార్చేశారని. తొమ్మిదో నిబంధన దగ్గర అల్లుడుగారికి ఏటా దగ్గెందుకొస్తుందో కూడా అప్పుడే అర్థమైంది.

ఆ రోజు కరెంటు పోలేదు. మీటరు నా వరండాలోనే ఉంది కదా, మెయిన్ స్విచ్ దించేశాను. నా ఇంట్లోనూ ఫ్యాను ఆగిపోయింది. ఆ ఎండలో పేపరుతో విసురుకుంటూ నువ్వొచ్చేదాకా కూర్చున్నాను. నువ్వు స్విచ్చులు ఆపి వచ్చాక, లేచి మళ్లీ పైకి ఎత్తాను. "అదుగో, వచ్చింది" అన్నావు. అవును, వచ్చిందన్నాను.

కోపం రాలేదని అబద్ధం చెప్పను. మూడు రోజులు నీతో సరిగ్గా మాట్లాడలేదు. ఖాళీ చేయించేద్దామని కాగితం కూడా టైపు కొట్టాను. కొడుతుంటే నా సంగతే నాకు గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అద్దె గదిలో ఉండేదాన్ని. ఆ ఇంటాయన నేను ఆఫీసుకెళ్లాక గదిలోకి వచ్చేవాడు. దిండు కింద పెట్టుకున్న ఉత్తరాలు తిరగేసేవాడు. రెండేళ్లు నోరు మూసుకుని భరించాను తప్ప, తాళం మార్చే ధైర్యం నాకు లేకపోయింది. మీకు ఉంది. టైపు కొట్టిన కాగితం చింపేశాను.

మరి ఏటా ఆ నిబంధన ఎందుకు చదివానంటావా? కొట్టేస్తే, నాకు తెలుసన్న సంగతి మీకు తెలిసిపోతుంది. మీరు సిగ్గుపడి ఇల్లు మారతారు. నాకు మీరు కావాలి. నీ మిషను చప్పుడు, పిల్లల గోల లేకుండా ఆ ఇంట్లో ఉండటం నాకు ఇష్టం లేకపోయింది. ఇప్పుడు చెప్పినా ఫరవాలేదులే, ఎలాగూ వెళ్లిపోయారు.

ఇంకొక్కటి. ఖాళీ చేసిన రోజు అల్లుడుగారు తలుపు దగ్గర కూర్చుని "కీలుకి నూనె వేస్తున్నానండీ" అన్నాడు. నూనె వేసేవాడికి స్క్రూడ్రైవరెందుకో నేను అడగలేదు.

నీ ఇంట్లో మెయిన్ స్విచ్ ఎక్కడుందో చూసుకో.

ఆశీస్సులతో,
మీ ఓనరమ్మ

*

ప్రియమైన పిన్నిగారికి,

ఏ మొహం పెట్టుకుని రాయాలో తెలియక రెండు కాగితాలు చింపాను.

మీ ఉత్తరం మా ఆయనకి చదివి వినిపించాను. దగ్గాడు. తర్వాత వెళ్లి ఏడో మెట్టు మీద కూర్చున్నాడు. అక్కణ్ణుంచే "ఆవిడ అంతసేపు ఎండలో కూర్చుందా?" అని మాత్రం అడిగాడు. దిగిన ఏడాదికి తాళం మార్చమన్నది నేనే పిన్నిగారూ. ఆయన వద్దన్నాడు. మీరెలాంటివారో అప్పటికి నాకు తెలియదు. తెలిశాక చెబుదామంటే, నోరు రాలేదు. ఇన్నేళ్లూ కరెంటు ఆఫీసుకి దణ్ణం పెట్టుకుంటూ వచ్చాను. పెట్టాల్సింది మీకు.

తర్వాత మెయిన్ స్విచ్ చూశాం. పై గదులది పై గదిలోనే, తలుపు వెనక బిగించాడు మొదట వైరింగు చేసిన మహానుభావుడు! బయటినుంచి ఎవరికీ అందదు. ఎలక్ట్రీషియన్ని పిలిపించి దాన్ని మెట్ల గోడ మీదికి మార్పించాం. ఇప్పుడు అవసరమొస్తే వాళ్లూ దించొచ్చు, నేనూ దించొచ్చు. తలుపు తెరవక్కర్లేదు. నా భయం అక్కడితో తీరిపోయింది. ఆ తీరడం చూస్తే నాకే ఆశ్చర్యమేసింది.

ఆదివారం ఆ అమ్మాయి వాళ్లమ్మను కూడా తీసుకుని వచ్చింది. తొమ్మిదో నిబంధన కొట్టేసిన కాగితం ముందుంచాను. రెండుసార్లు చదివి, "ఎందుకు కొట్టేశారండీ? ఆ రోజు అంత కచ్చితంగా ఉన్నారు" అని అడిగింది. దాచడమెందుకని మొత్తం కథ చెప్పాను. నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. వాళ్లమ్మ మాత్రం నవ్వలేదు. "మీ పిన్నిగారు ఎక్కడుంటారమ్మా?" అంది.

"బస్సులో ఆరు గంటలు" అన్నాను.

ఇంకో సంగతి మీకు చెప్పలేదు. మా ఆయన దేన్నీ పారెయ్యడు. ఖాళీ చేసిన రోజు మీ తలుపుకి మీ పాత తాళం మళ్లీ పెట్టేసి, విప్పి తెచ్చుకున్న మా తాళాన్నే పై గది తలుపుకి బిగించాడు. దానికి మూడు చెవులు. రెండు వాళ్లకిచ్చాను. మూడోది బల్ల మీద మిగిలింది. నేను తీసుకోను, వాళ్లు అడగరు. అప్పుడు ఆ పెద్దావిడే చెవిని నా వైపు జరిపి, "దీన్ని మీ పిన్నిగారి దగ్గర ఉంచండి. అక్కడైతే నాకు నిద్రపడుతుంది" అంది.

అందుకని కొట్టేసిన చోట మళ్లీ రాశాం: "మూడవ తాళంచెవి పిన్నిగారి వద్ద ఉండును." పక్కన నేను, ఆ అమ్మాయి పొట్టి సంతకాలు పెట్టాం. సాక్షుల్లో ఒకరు మా ఆయన. ఈసారి దగ్గలేదు.

చెవి ఈ కవరులోనే ఉంది. పన్నెండేళ్లు ఆలస్యమైంది, క్షమించండి.

మీ
దర్జీ అమ్మాయి

*

చిరంజీవి దర్జీ ఓనరమ్మకి,

చెవి క్షేమంగా అందింది. "పిన్నిగారు" అంటే ఎవరు, ఏ చిరునామా అన్నది కాగితంలో లేదు. కోర్టులో అది చెల్లదు. అయినా అలాగే ఉండనీ. ఆ పెద్దావిడకి నా నమస్కారాలు చెప్పు.

మీరు వెళ్లినప్పటినుంచి ఖాళీగా ఉన్న వెనకింట్లోకి వచ్చే వారం కొత్త జంట దిగుతోంది. కాగితం మళ్లీ టైపు కొట్టాను. ఈసారి ఇరవై రెండే. రెండు చెవులూ వాళ్లవే. మీటరు ఎలాగూ నా వరండాలో ఉంది. మీ క్యాలెండరు మేకు కూడా జాబితాలో రాయించాను, వాళ్ల మీదికి రాకుండా.

వాళ్లకివ్వాలని నా దగ్గరున్న చెవి తీసేశాను, దాంతో నా మేకు ఖాళీ అయింది. నువ్వు పంపింది అక్కడ తగిలించాను. తగిలించే ముందు, ఎందుకో ఊరుకోలేక, వెనక్కి వెళ్లి మీ పాత తలుపులో పెట్టి తిప్పి చూశాను.

తిరగలేదు. ఈసారి కోపం రాలేదు.

మీ
పిన్ని